వక్క నానేదాకా

మా పక్క ఖోలీ అక్క పోయింది. మా బొంబాయి చాల్‌లో ఒక్కొక్క ఇంటికి ఒక్క గది, అదే ఖోలీ; అన్ని ఖోలీల ముందు ఒకటే పొడుగు వరండా, అదే గ్యాలరీ. పోయిన నెల ఒక సోమవారం పొద్దుగాల నల్లా వచ్చి పోయింది, నా డ్రమ్ము మాత్రం ఖాళీగనే ఉంది. నీళ్లు రాంగనే గాజుల చెయ్యితోటి నా తలుపు కొట్టి "తమ్మీ, లే" అనే మనిషి ఆ పొద్దు కొట్టలేదు. నేనే లేచి ఆమె తలుపు కొట్టిన. కొంతసేపటికి గ్యాలరీ వాళ్లమంతా కలిసి నెట్టినం. నిద్రలోనే పోయింది. ముఖం మీద నొప్పి పడ్డ జాడ ఏమీ లేకుండె.

నేను రాసేవాణ్ణి కాదు. ఊళ్లో ఐదో తరగతి దాకా చదివి, కామాఠిపురకు వచ్చి గోడలు కట్టే పనిలో పడ్డ. మాట్లాడుడు కూడా నాకు తక్కువే. అయినా ఆమె గురించి నాలుగు మాటలు మనవాళ్లు చదవాలని రాస్తున్న. అక్షరాల తప్పులు మా బిడ్డ దిద్దింది.

అక్క బాల్వాడీ టీచరుగా పని చేసింది. ఈ గల్లీలో సగం మంది ముక్కులు ఆమె కొంగుతోనే తుడుచుకుని పెద్దయినరు. అందుకే ఆమె మాటంటే అందరికీ భయం. రిటైరైనంక మా చాల్ పంచాదీలన్నీ ఆమె గడపలోకే వచ్చినయి. నల్లా దగ్గర బిందెల కొట్లాట, మొగుడు పెళ్లాల లొల్లి, తాగొచ్చిన కొడుకు, ఏదైనా సరే, చాయ్ చల్లారకముందే తీర్పు చెప్పేది. "నువ్వు మాఫీ అడుగు. నువ్వు బిందె ఇవతలికి జరుపు. బస్, నడువుండ్రి."

అటువంటి మనిషి ఒకనాడు, లైఫ్ కోచ్ కోర్సులో చేరిన అన్నది. మనిషి తన బతుకు గురించి తానే ఆలోచించుకుని తొవ్వ చూసుకునేదాకా పక్కన కూర్చునే పని అట అది. గ్యాలరీ అంతా నవ్వింది. "సీటీ ఊదుతవా అక్కా? మమ్మల్ని గ్రౌండు చుట్టూ ఉరికిస్తవా?" అని మూలఖోలీ ఆయన అడిగిండు. "నిన్నయితే ముందు స్నానానికి ఉరికిస్త" అన్నది అక్క.

నాకు మాత్రం విడిగా చెప్పింది. "నా దగ్గరకొచ్చినోళ్లే మళ్లీ మళ్లీ వస్తున్నరు తమ్మీ, అదే కొట్లాటతోటి. నేను చెప్పిన తీర్పు వాళ్ల ఖోలీ దాకా గూడ పోతలేదు. ఎక్కడో మెట్ల మీదనే పడిపోతుంది."

క్లాసు ఫోన్లో, మధ్యాహ్నం పూట, హిందీలో. లోపల సిగ్నల్ రాదు కనుక గ్యాలరీలోనే, బియ్యం డబ్బాకు ఫోన్ ఆనించి కూర్చునేది. అందుకని ఆ కోర్సు మా అంతస్తు అంతా విన్నది. పూణే నుంచి ఒక మేడం చెప్పేది. ఎదుటి మనిషి మాట మధ్యలో అందుకోవద్దు. ఎందుకు చేసినవ్ అని అడగొద్దు, అట్లడిగితే మనిషి గోడ కట్టుకుంటడు. వాళ్లన్న మాటనే మళ్లీ వాళ్లకు వినిపియ్యి. సలహా ఇయ్యకు.

"సలహా ఇయ్యకుంటే నా దగ్గరికెందుకొస్తరు మేడం?" అని అక్క అడిగింది. అవతల మేడం నవ్వింది. ఇవతల ఉల్లిగడ్డలు కోస్తున్న ఆడవాళ్లు కూడా నవ్విన్రు.

నేర్చుకున్నది నేర్చుకున్నట్టు ఎవరి మీద పడితే వాళ్ల మీద చేసి చూసేది. కూరగాయల బండి ఆయన టమాటా ధర చెప్పి గునుస్తుంటే, "అంటే, మార్కెట్‌ల ధర పెరిగిందని నీకు బాధగా ఉంది" అని మెల్లగా అన్నది. ఆయన రెండు దిక్కులా చూసి, "బాయీ, తీసుకుంటవా లేదా?" అన్నడు.

సాధన కోసం ఒక మనిషిని ఎంచుకోవాలని మేడం చెప్పిందట. అక్క నన్ను ఎంచుకుంది. అప్పటికి మా ఆమె పోయి కొంతకాలమైంది. నేను నల్లాకు లేచుడు, రెండు రొట్టెలు కాల్చుకునుడు, గ్రాంట్ రోడ్ దాకా నడిచి వచ్చుడు, అంతే. కల్యాణ్‌లో ఉన్న మా బిడ్డ రోజూ సాయంత్రం ఫోన్ చేస్తే "ఆ, బాగున్న" అని పెట్టేసేవాణ్ణి. ఆ పిల్లకేమో నేను మనుషుల్లో నుంచి మెల్లగా జారిపోతున్ననని భయం. నాకూ అట్లనే అనిపిస్తుండె. ఆ మాట ఎట్ల అనాలెనో తెలియదు.

మొదటినాడు అక్క ఎదురుగా కూర్చోబెట్టుకున్నది. నేను నోరు తెరవలేదు. ఆమె కాసేపు చూసింది. చూసి చూసి ఓపిక అయిపోయింది. "ఇక్కడేమున్నది తమ్మీ నీకు? బిడ్డ దగ్గరికి పో. బట్టలు సర్దుకో."

నేను సర్దుకుని పోయిన. ఆమె మాట కాదనే అలవాటు మాలో ఎవరికీ లేదు.

కల్యాణ్‌లో నన్ను బాగా చూసుకున్నరు. కుర్చీ వేసిన్రు, టీవీ పెట్టిన్రు, వేడి వేడిగా తినబెట్టిన్రు. గోడ మీద మాత్రం ఒక చోట సున్నం తెల్లగా, నలుచదరంగా మెరుస్తుండె. మా ఆమె ఫోటో ఉండే చోటు అది. ఫోటో తీసేసిన్రు. ఎవరూ ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. కుర్చీలో కూర్చుని ఆ తెల్లటి జాగానే చూసేవాణ్ణి. వారం నిండకముందే సంచి పట్టుకుని వాపసు వచ్చిన. బిడ్డ స్టేషన్ దాకా వచ్చింది, రైలు కదిలేదాకా నా ముఖం దిక్కే చూసింది.

మెట్ల మీద అక్క ఎదురుపడ్డది. సంచి చూసింది. లోపలికి పోయి చాయ్ పెట్టింది.

మర్నాడు క్లాసులో ఆ సంగతంతా దాచకుండా మేడంకు చెప్పింది. మేడం ఒకటే అడిగింది, "ఆయనకు ఏం కావాల్నట?" నేను నా గడపలో కూర్చుని వింటున్న. అక్క నా దిక్కు చూడలేదు. ఫోన్ బోర్లా పెట్టేసింది.

వక్క అలవాటు ఆ తర్వాత మొదలైంది. అన్నం తిన్నంక ఒక వక్క ముక్క వేసుకునుడు ఆమెకు ఎప్పటినుంచో ఉన్నదే. ఇప్పుడు ఎవరైనా వచ్చి కూర్చుంటే ముందు వేసుకునేది. "ఇది నానేదాకా నేను మాట్లాడ తమ్మీ. నా నోటికి గడియ ఇది" అన్నది. చిన్న ఇత్తడి డబ్బా, మూత సొట్టపడ్డది, ఎప్పుడూ బొడ్లోనే ఉండేది.

ఒక సాయంత్రం నన్ను మళ్లీ పిలిచింది. తీర్పు చెప్పే గొంతు కాదు అది.

"తమ్మీ, అక్కడ నీకు ఏం తక్కువైంది?"

అడిగి వక్క నోట్లో వేసుకున్నది. నేను కిందికి చూసిన. ఫోరస్ రోడ్ దిక్కు నుంచి పాత సామాన్ల బండి వస్తుంది, ఎవడో హారన్ కొడుతున్నడు. ఆమె నోట్లో మాట కదులుతున్నది నాకు తెలుస్తుంది. మాట పెదవుల దాకా వస్తే వక్కను ఇటు బుగ్గ నుంచి అటు బుగ్గకు జరుపుతుంది. కళ్లల్లో నీళ్లు గూడ వచ్చినయి, అంత కష్టమైంది ఆమెకు చెప్పకుండా ఉండుడు. అది చూసి నాకు నవ్వొచ్చింది. నవ్వుతోటి మాట కూడా వచ్చింది.

"మా ఆమె పేరు ఎవ్వరూ అంటలేరక్కా."

ఆమె అయ్యో అనలేదు. "పేరు ఎవ్వరూ అంటలేరు" అన్నది, నేనన్నట్టే. కొంచెం ఆగి, "ఇంకా?" అన్నది.

ఇంకా చాలా ఉండె. ఇద్దరం ఒకే సైటు మీద పని చేసుడు, నేను కట్టిన గోడ వంకరుంటే ఆమె కింద నుంచే తల అడ్డంగ ఊపుడు, పచ్చిపులుసులో ఉప్పు తాను మర్చిపోయి, మర్చిపోయింది నేనే అని నా మీద వేసుడు. దీపాలు పెట్టే వేళ దాకా మాట్లాడిన. జీవితంలో అంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు. గొంతు నొచ్చింది.

చివరికి అక్క అడిగింది, "ఈ మాటలు నేను గాక ఇంకెవరు వినాలె?"

తెల్లారి నేనే బిడ్డకు ఫోన్ చేసిన. అవతల గాబరా పడ్డది. "ఏమైంది బాపూ? ఒంట్లో బాగలేదా?"

"అమ్మ ఫోటో ఏదిరా?" అన్న.

"నువ్వు ఏడుస్తవని బీరువాల పెట్టిన బాపూ."

"నువ్వు ఏడుస్తవని నేను అడగలే."

ఇద్దరం ఏడ్చినం. ఏడుస్తూనే ఉప్పు మర్చిపోయిన పచ్చిపులుసు గురించి నవ్వినం. ఆ ఆదివారం ఫోటో మళ్లీ గోడ మీదికి ఎక్కింది. మేకు నేనే కొట్టిన. ఇప్పుడు ఆదివారాలు అక్కడ, మిగతా రోజులు ఇక్కడ. ఇది ఎవరో చెప్పింది కాదు, నేను కోరుకున్నది. అక్కకు చెప్తే తల ఊపింది అంతే. నోట్లో వక్క ఉండె.

పరీక్షనాడు చీర మార్చుకుని, బియ్యం డబ్బా కూడా తుడిచి కూర్చున్నది. పాసయింది. సర్టిఫికెట్ ఫోన్లోనే వచ్చింది, గోడకు పెట్టించమంటే, "నా గోడ నిండా క్యాలెండర్లే, దీనికి జాగేదిరా?" అన్నది. అప్పటినుంచి పని దొరకని పూట నాకా మీది, అంటే కూలి అడ్డా మీది మనుషులు వచ్చేవాళ్లు. పాలమూరు దిక్కు నుంచి వచ్చి ఇక్కడ ఇటుకలు మోసేవాళ్లు. గ్యాలరీలో ఇనుప కుర్చీలో అక్క, గడప మీద వాళ్లు. వాళ్లు రాంగనే మేమంతా లోపలికి పోయి తలుపులు వేసుకునేవాళ్లం. అది కూడా ఆమే నేర్పింది.

ప్రతిసారీ నిగ్రహం ఉండేది కాదు. ఒకనాడు ఒకాయన కూలి డబ్బులన్నీ తాగి వచ్చి, పెళ్లాందే తప్పని చెప్తుంటే, వక్కను గ్యాలరీ అవతలికి ఉమ్మేసి, ఆయనకు బాల్వాడీ రోజుల తిట్లన్నీ వినిపించింది. ఆయన పోయినంక నా తలుపు కొట్టి, "మేడంకు చెప్పకు తమ్మీ" అన్నది.

నన్ను ఎగతాళి చేసేది. "నీకు సగం కోర్సు పుట్టుకతోనే వచ్చు, మాట్లాడకుండా కూర్చునుడు. మిగిలిన సగం అడుగుడు. అది నేర్చుకో." నేను నవ్వి ఊరుకునేవాణ్ణి.

దినాలు అయినంక ధారావి నుంచి ఆమె తమ్ముడు వచ్చి ఖోలీ ఖాళీ చేసిండు. వక్కల డబ్బా నాకియ్యమని అడిగిన. నోరు తెరిచి అడిగిన. ఆయన వింతగా చూసి ఇచ్చిండు. ఇనుప కుర్చీ ఎవరూ తీయలేదు, గ్యాలరీలోనే ఉండిపోయింది.

నిన్న మధ్యాహ్నం ఒక ఆమె వచ్చింది. తలగుడ్డకు సిమెంటు, చేతిలో టిఫిన్ డబ్బా. "టీచరక్క లేదా?" అన్నది.

"పోయింది తల్లీ" అన్న.

ఆమె మెట్లు దిగలేదు. తాళం వేసిన అక్క ఖోలీ గడప మీదనే మెల్లగా కూలబడ్డది. లోపలికి పోయి తలుపు వేసుకుందామని నా కాళ్లు లేచినయి. పోలేదు. ఇనుప కుర్చీలో కూర్చున్న. ఒక వక్క తీసి నోట్లో వేసుకున్న.

చాలాసేపటికి ఆమె రెండు మాటలన్నది. ఏమన్నదో ఇక్కడ రాయను. అని ఆగిపోయి, టిఫిన్ డబ్బా గడియను తీస్తూ, వేస్తూ కూర్చున్నది. నా నోట్లో వక్క ఇంకా గట్టిగనే ఉంది. దాన్ని బుగ్గలోకి జరిపి, అన్న:

"ఇంకా?"

ఆమె టిఫిన్ డబ్బా పక్కన పెట్టి, తలగుడ్డ ముడి విప్పుకున్నది.