మధ్యలో మూడు వదులు చుట్లు

హార్బరులో ఇప్పుడు ఎవడు ఏ కొత్త బోల్టు బిగించినా నా షెడ్డుకే వస్తాడు. "బావా, పై దేశంలో పేటెంటు ఎలాగ తీసుకోవాలేటి?" అంటాడు. నేను ముందు కసురుకుంటాను. అది నా అలవాటు, దానికి ఎవరూ నొచ్చుకోరు. తర్వాత స్టూలు చూపించి, "ముందు ఇది సెప్పు. దీన్ని ఎవరు కనిపెట్టారు?" అని అడుగుతాను. "ఇంకెవరు, నానే" అంటాడు ప్రతివాడూ. నేను కూడా ఆ మాటే అన్నాను. ఒకసారి కాదు, సంతకం పెట్టి మరీ అన్నాను.

నేను ఫిట్టరును. మాది వేటకు వెళ్ళే కుటుంబమే గానీ, బోటు ఎక్కితే నాకు వాంతులు. అందుకని ఐటీఐ చదివి, స్టీలు ప్లాంటుకు విడిభాగాలు చేసే షెడ్డులో చాలా ఏళ్ళు పనిచేసి, ఆ తర్వాత ఫిషింగ్ హార్బరు వెనక సొంత షెడ్డు పెట్టుకున్నాను. బోటు ఇంజన్లు బాగుచేస్తాను. నా భార్య మా మేనమామ కూతురు. షెడ్డు ముందు అరుగు మీద కూర్చుని చిరిగిన వలలు అల్లుతుంది. ఆమె అతికిన చోటు వెతికినా దొరకదని హార్బరంతా చెప్పుకుంటారు. ఇంట్లోవాళ్ళ పనితనం మనకు ఆనదు కదా, నేను ఎప్పుడూ పట్టించుకోలేదు.

చిన్న ఫైబరు బోట్ల మీద వల లాగడం ఇప్పటికీ చేతుల పనే. యాభై దాటేసరికి భుజాలు పోతాయి. మా బావమరిది భుజం పోయాక నేను పంతం పట్టి, బ్యాటరీ మోటారుతో తిరిగే రోలరు ఒకటి చేశాను. బోటు అంచుకు బిగిస్తే వల దాని మీదుగా లోపలికి వస్తుంది. బరువు ఎక్కువైతే మోటారు కాలిపోకుండా లోపల స్ప్రింగుతో జారే క్లచ్చి పెట్టాను. ఆ స్ప్రింగంటే నాకు ప్రాణం. రాత్రీ పగలూ దాని గురించే మాట్లాడి ఇంటిల్లిపాదినీ విసిగించాను. ఇక రోలరు నున్నగా ఉంటే వల జారుతుంది కనుక, దాని మీద పాత నైలాను తాడు చుట్టి ఉంది. తాడుదేముంది, తాడే కదా అనుకున్నాను.

పేటెంటు తీసుకోమని ఇంట్లో అందరూ అంటే, పెందుర్తిలో ఉండే ఒక పేటెంటు ఏజెంటు దగ్గరకు వెళ్ళాను. ఎలమంచిలి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన అమ్మాయి. ఇంజనీరింగు చదివి, ఆ పరీక్షేదో రాసి ఏజెంటయింది. ఆమె మొట్టమొదట అడిగింది, "బాబాయ్‌గారూ, దీన్ని ఎవరికైనా చూపించారా?" అని. అర్జీ పెట్టకముందు పదిమందికీ చూపిస్తే ఇక అది కొత్తది కాదట. అదృష్టం, మేం ఇంటివాళ్ళమే ఒడ్డు కనబడనంత దూరం పోయి పరీక్షించాం. ఆ సంగతి నా కడుపుకు బాగా గుర్తు.

అలా ఇక్కడ అర్జీ పడింది. కొన్ని నెలలకు, పోర్టులో క్రేను బిగించడానికి వచ్చిన ఒక జపాను ఇంజనీరు అత్యవసరంగా ఇరుసుకు తొడిగే బుష్ ఒకటి లేతు మీద తిప్పించుకోవడానికి నా షెడ్డుకు వచ్చాడు. పని అవుతుండగా మూల ఉన్న రోలరును చూశాడు. వాళ్ళ ఊళ్ళో చిన్న బోట్ల మీద ముసలివాళ్ళే మిగిలారనీ, ఇలాంటిది వాళ్ళకు చాలా అవసరమనీ పక్కనున్న దుబాసీ చేత చెప్పించాడు. నాకు ఒళ్ళు పొంగి, లోపలి స్ప్రింగు చూపిద్దామని మూత విప్పబోయాను. ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టి, మొహం పక్కకు తిప్పేసుకున్నాడు. "మా దేశంలో అర్జీ పెట్టారా? పెట్టలేదా? అయితే విప్పకండి. పెట్టాక వచ్చి చూస్తాను" అన్నాడట. ఎదురుగా ఉన్నదాన్ని చూడనని మొహం తిప్పుకున్న మనిషిని నేను అదే చూడటం. ఆ రోజంతా నాకు పని సాగలేదు.

మర్నాడే పెందుర్తి వెళ్ళాను. ఏజెంటమ్మ ఓపిగ్గా చెప్పింది. ఇక్కడి పేటెంటు ఇక్కడికే, ప్రపంచమంతటికీ కలిపి ఒక పేటెంటు అనేది లేదు. ఇక్కడ పెట్టిన రోజు నుంచి ఏడాది లోపు బయట పెడితే, ఆ మొదటి తారీఖే అక్కడా చెల్లుతుంది. ఏ దేశమో తేల్చుకోవడానికి టైము కావాలంటే ఒక అంతర్జాతీయ అర్జీ పెట్టుకోవచ్చు, దానితో చాలా దేశాల తలుపులు రెండున్నరేళ్ళ పాటు మూసుకోకుండా ఉంటాయి. ఆ లోపల ఎక్కడో ఒక ఆఫీసు వాళ్ళు పాత కాగితాలన్నీ గాలించి, ఇది కొత్తదో కాదో చెబుతారు. ఆ తర్వాత కావలసిన దేశంలో అక్కడి ఏజెంటును పెట్టుకుని, వాళ్ళ భాషలోకి మార్పించి, వాళ్ళ ఆఫీసులో ముందుకు నడపాలి.

"మనం ముందు ఇక్కడ పెట్టి ఆరు వారాలు దాటింది కాబట్టి సరిపోయింది. లేకపోతే బయట పెట్టడానికి ప్రత్యేకంగా అనుమతి తీసుకోవాల్సి వచ్చేది" అంది.

నేను నోరు తెరుచుకుని విన్నాను. నా షెడ్డులోని ఇనపముక్క కోసం ఎక్కడో తలుపులు తెరిచి ఉంచుతారట! భయమేసింది, సంతోషమూ వేసింది.

అంతర్జాతీయ అర్జీయే పెడదామన్నాను. అందులో అన్నిటికన్నా ముఖ్యమైనవి క్లెయిములు. ఇంత మేర మాది అని హద్దు గీసుకునే వాక్యాలు. నావి ఏడు వచ్చాయి, ఏడూ స్ప్రింగు చుట్టూ తిరిగేవే. బొమ్మలు సరిచూస్తూ ఆమె ఆగి, "ఈ తాడు మధ్యలో మూడు చుట్లు వదులుగా ఉన్నాయేంటి? బిగించడం మరిచిపోయారా?" అంది. "లేదమ్మా, అలాగే ఉండాలి" అన్నాను. సరే ఉండనీ అని దాన్ని ఎనిమిదో క్లెయిముగా చివర చేర్చింది. కనిపెట్టినవారు అన్న చోట నా పేరు ఒక్కటే రాసింది. నేను చదివి, తల పంకించి, సంతకం పెట్టాను.

కొన్ని నెలల తర్వాత యూరప్‌లోని ఆఫీసు నుంచి ఆ గాలింపు రిపోర్టు వచ్చింది. ఏజెంటమ్మ నన్ను పిలిపించి, ముందు మంచినీళ్ళు ఇచ్చింది. అప్పుడే అనుమానించాను. "బాబాయ్‌గారూ, ఒకటి నుంచి ఏడు దాకా పోయినట్టే" అని, ఒక పాత కాగితం స్క్రీను మీద పెట్టింది. ఉత్తరాన ఎక్కడో మంచు సముద్రం పక్కనున్న దేశంలోది. ఇంకు పెన్నుతో గీసిన బొమ్మ. అందులో నా స్ప్రింగు ఉంది. నా స్ప్రింగే! అదే వంపు, అదే మేకు, జారడానికి అదే గాడి. తారీఖు చూస్తే నేను పుట్టకముందుది.

ముందు నాకు ఒళ్ళు మండింది. ఎవడో దొంగ నా సొత్తు ఎత్తుకుపోయినట్టే ఉంది, వాడు నాకంటే ముందే పుట్టినా సరే. తర్వాత ఆ బొమ్మ మీద నుంచి కళ్ళు తిప్పుకోలేకపోయాను. నేను ఎప్పుడూ చూడని చలిలో, ఎవడో ఒకడు, మోటారు కాలిపోతోందని నాలాగే బుర్ర పట్టుకుని కూర్చుని, చివరికి నేను వచ్చిన చోటికే వచ్చాడు. వాడి మీద కోపం పోయి, వాడితో కూర్చుని ఒక టీ తాగాలనిపించింది. దాన్ని వెతికి పట్టుకున్న ఆ పరీక్షాధికారి మీద కూడా గౌరవం కలిగింది. నేనెవరో తెలియదు, మా హార్బరు ఎక్కడో తెలియదు. అయినా నా ప్రతి వాక్యమూ చదివి, లక్షల కాగితాల్లోంచి దీన్ని తీశాడు.

"ఎనిమిదోది మిగిలింది" అంది ఆమె. "ఇలాంటిది ఎక్కడా దొరకలేదని రాశారు. వదులు చుట్లు పెట్టాలని ఎవరికీ తోచే అవకాశం కూడా లేదంటున్నారు. జపానులో దీని మీదే నిలబడాలి. అందుకని వివరంగా వాదించాలి. చెప్పండి, వదులు ఎందుకు?"

"వదులుగా ఉంటేనే పనిచేస్తుందమ్మా."

"అదే, ఎందుకు? మూడే ఎందుకు? మధ్యలోనే ఎందుకు?"

నాకు తెలియదు. నా మిషను గురించి నాకు తెలియదు. రేపు చెబుతానని లేచి వచ్చేశాను.

తిరిగి వచ్చేసరికి నా భార్య షెడ్డు అరుగు మీద వల అల్లుతోంది. నిలబడే అడిగాను. "ఏటే, ఆ రోలరు మీద తాడు మద్దెలో వొదులెందుకు?"

ఆమె తల ఎత్తి, నేను వేళాకోళం ఆడుతున్నానేమో అని చూసింది. తర్వాత పక్కనున్న తాడు ముక్క తీసి నా ముంజేతికి మూడు చుట్లు వదులుగా చుట్టి, రెండు పక్కలా బిగించి కట్టింది. ఒళ్ళో ఉన్న వలను దాని మీదుగా వేసి, "సెయ్యి బిగపట్టు" అంది. నా చేతి మీద పడి ఉన్న వలను ఆమె అటు గుంజింది. వదులు చుట్లు బెత్తెడు జారి, ఆగి, పట్టుకున్నాయి. మళ్ళీ గుంజింది. మళ్ళీ జారి, పట్టుకున్నాయి. వల కన్ను ఒక్కటి కూడా తెగలేదు.

"అల లేసినప్పుడు బోటు పైకెల్తాది, వల బిగుసుకుంటాది. అప్పుడు సెయ్యి కాసింత వొదలాలి. అల దిగినప్పుడు పట్టాలి. నీ రోలరుకి వొదలడం రాదు కదా బావా. వల సింపేస్తన్నాది. అందుకే అలాగ సుట్టాను. నాలుగైతే మరీ జారిపోతన్నాది, రెండైతే సాలవు."

అప్పుడు నాకు అంతా గుర్తొచ్చింది. మొదట్లో వారం వారం చిరిగిన వలలు ఆమె ముందుకే వచ్చేవి. ఒకరోజు నేను లేనప్పుడు రోలరు మీద తాడు చుట్టింది. నేను వచ్చి చూసి, మధ్యలో వదులుగా ఉందని, పని రానివాళ్ళు మిషను ముట్టుకోవద్దని, ఇంటిల్లిపాది ముందు అరిచాను. నా చేతులతోనే బిగించాను. మూడు వారాల పాటు వలలు చిరిగాయి. చివరికి నేనే వదులు చేశాను, ఆమె చుట్టినట్టే. ఆమె ఒక్క మాట అనలేదు. ఆమె అనలేదు కాబట్టి, అది నాదే అయిపోయింది. అబద్ధం ఆడానని కూడా అనను. నిజంగానే మరిచిపోయాను. అది అబద్ధం కంటే నీచం.

ఆ సాయంత్రం నా బుద్ధి పక్కదారి పట్టలేదని చెప్పను. కారణం ఇప్పుడు నాకు తెలుసు. వెళ్ళి నా మాటల్లో చెప్పేస్తే ఏజెంటమ్మ రాసుకుంటుంది, ఎవరూ అడగరు. కానీ ఆ కట్టు ఇంకా నా ముంజేతికి ఉంది. జారి పట్టుకునే ఆ చుట్లను చూస్తుంటే, ఒక మనిషి చేతిలోని తెలివిని తీసి తాడులో పెట్టొచ్చని ఈమెకు ఎలా తోచిందా అని ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళు ఈ మనిషి పక్కనే అన్నం తిన్నాను. పొద్దున్నే ఆమెను బస్సెక్కించి పెందుర్తి తీసుకెళ్ళాను.

ఏజెంటమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె అర్జీ కాగితం ముందుకు లాక్కుంది. "మంచి పని చేశారు. అసలు మనిషి పేరు లేకపోతే రేపు అదే పెద్ద తంటా. ఏ దేశంలోకీ వెళ్ళకముందే పేరు చేర్పించుకోవచ్చు, ఇక్కడి అర్జీలోనూ సరిదిద్దుకోవచ్చు" అని, నా భార్య వైపు తిరిగింది. "పిన్నిగారూ, ఇది మీరే కనిపెట్టారా?"

"నానేటి కనిపెట్టాను తల్లీ! అందరూ సేసేదే."

ఏజెంటమ్మ పెన్ను కింద పెట్టేసింది. అందరూ చేసేదైతే కొత్తది కాదు, తరతరాల తెలివికి పేటెంటు ఇవ్వరు. ఎనిమిదోదీ పోయినట్టే. నోరు మూసుకోమని అరవబోయి, ఎలాగో నన్ను నేను ఆపుకున్నాను. నా భార్యకు అలా అనడం మర్యాద. చేపల పులుసు బాగుందన్నా అదే అంటుంది, బిడ్డకు జ్వరం తగ్గించినా అదే అంటుంది.

"అందరూ అంటే ఎవరు పిన్నిగారూ?" అంది ఏజెంటమ్మ మెల్లగా. "మీ అమ్మగారు ఇలా చుట్టారా?"

"మాయమ్మ కాలంలో రోలర్లు ఎక్కడివి? సేత్తో లాగీవోరు."

"చేతిని వదిలి పట్టడం అందరికీ తెలుసు. సరే. తాడు ఇలా వదులుగా చుట్టిన వాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఎవరైనా మీకు చెప్పారా? ఎక్కడైనా చూశారా?"

నా భార్య చాలాసేపు ఆలోచించింది. ఒక్కొక్క బోటునూ, ఒక్కొక్క మనిషినీ మనసులో పిలిచి అడుగుతున్నట్టే ఉంది. చివరికి, తప్పు చేసి పట్టుబడిన పిల్లలాగ తల దించుకుని, "లేరమ్మా. నానే" అంది.

ఆ మాట ఆమె నోట నేను అంతకు ముందు ఎన్నడూ వినలేదు.

ఏజెంటమ్మ పెన్ను తీసి రాసుకుంది. తర్వాత కొంచెం ఇబ్బందిగా నా వైపు చూసి, ఆమెతోనే అంది. "ఇంకొకటి కూడా అడగాలి. ఏడు క్లెయిములు పోయాయి కదా. మిగిలింది మీది. ఇప్పుడు ఇందులో బాబాయ్‌గారి పేరు ఉండాలంటే, ఈ మిగిలిన దానిలో ఆయన తెలివి కూడా ఉండాలి. ఉందా? నిజం చెప్పండి, మొహమాటం వద్దు."

నేను కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాను. లేదంటుందనే అనుకున్నాను. అంటే అది అన్యాయం కూడా కాదు. ఇంటిల్లిపాది ముందు అరిచింది నేను, సంతకం పెట్టింది నేను.

"అదేటమ్మా అలగడుగుతావు?" అంది నా భార్య. ఆమెకు కోపం వచ్చింది, నా తరఫున. "రోలరు బావ సేసిందే కదా. వల సిరిగినప్పుడల్లా, మోటారుకి ఎంత బరువు పడతన్నాదో కాగితం మీద గీసి పెట్టీవోడు. ఆ కాగితం సూసే కదా నాను మూడు సుట్లని లెక్కెట్టింది. రాసీ తల్లీ, ఇద్దరి పేర్లూ రాసీ."

ఆ కాగితాలు ఆమె చూసేదని నాకు తెలియదు. ఆమె పేరు బయటపెట్టడానికి నాకు ఏడాది పైన పట్టింది. నా పేరు నిలబెట్టడానికి ఆమెకు ఒక్క క్షణం చాలింది. కళ్ళలో నీళ్ళు తిరిగితే దాచుకోలేదు, ఆ వయసు దాటిపోయింది. ఏజెంటమ్మ కాగితం ముందుకు జరిపి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది. నా భార్య కొంగుతో చెయ్యి తుడుచుకుని, పెన్ను అందుకుని, తన పేరు మొత్తం, ఇంటిపేరుతో సహా, నిదానంగా రాసింది.