తూము దగ్గర పోయిన మాట, ఊడ్పు పాటలో దొరికిన పేరు

నా జబ్బు సంగతి చెప్పేముందు, జరిగిన అన్యాయాలను వరుసగా నమోదు చేస్తున్నాను.

2004 సెప్టెంబరు: టెక్కలి దగ్గర మా ఊరి చెరువు తూము వద్ద, వరసకు బావమరిది అయిన అప్పన్న పార కామతో, అంటే దాని కర్ర పిడితో, నా తల ఎడమ పక్క రెండుసార్లు కొట్టాడు. రెండో దెబ్బ నేను కిందపడ్డాక కొట్టినది.

అక్టోబరు: వాంగ్మూలం కోసం వచ్చిన పోలీసు అధికారి, నాకు మాట రాదని చూసి, ఖాళీ కాగితం మడిచి పట్టుకుపోయాడు.

డిసెంబరు: ఇది నాకు జరిగినది కాదు, నేను చేసినది. కంచు గ్లాసు విసిరి నా భార్య పార్వతి నుదురు పగలగొట్టాను. రికార్డు పూర్తిగా ఉండాలి కనుక రాస్తున్నాను.

2005 జనవరి: బాధితుడు వాంగ్మూలం ఇవ్వలేదని కేసు మూసివేశారు.

చెరువు కింద ఎవరి మడికి ఏ రోజు నీరో రాసే పుస్తకం ఏళ్ళ తరబడి నా దగ్గరే ఉండేది. ఆ ఉదయం తూము దగ్గర మేమిద్దరమే ఉన్నాము.

"బావా, ఆ పుస్తకం మూసీ. నా సేను ఎండిపోతంది," అన్నాడు అప్పన్న.

"నీ వంతు రేపు," అన్నాను. నేను తిన్నగా పలికిన చివరి వాక్యం అదే.

విశాఖపట్నం ఆసుపత్రిలో సీటీ స్కాన్ తీసి, తలలో నెత్తురు గడ్డకట్టిందని ఆపరేషన్ చేశారు. తెలివి వచ్చాక మంచినీళ్ళు అడగబోయాను. "రేపు" అని వచ్చింది. పార్వతిని పిలవబోయినా "రేపు" అనే వచ్చింది. కుడి చెయ్యి కూడా లేవలేదు.

"దీన్ని అఫేజియా అంటారు. ఆయన బుద్ధి ఎక్కడికీ పోలేదు, మాట వచ్చే దారి దెబ్బతింది," అన్నారు డాక్టరు.

నవంబరులో ఫిట్స్ వచ్చి నాలుక కొరుక్కున్నాను, దిండు నెత్తురుతో తడిసింది. మాత్రల డోసు పెంచారు. ఇంటి దగ్గర పార్వతి రోజంతా అడిగేది: "ఏటి కావాల? అన్నమా? దుప్పటా? సెప్పు." నేను "రేపు" అనేవాణ్ణి. అలాంటి ఒక పూటే గ్లాసు విసిరాను. నెత్తురు తుడుచుకుంటూ ఆమె, "ఇది మాత్రం ఇయ్యాలే ఇచ్చేసినావు," అంది.

రివ్యూలో ఆమె నుదుటి కుట్లు చూసి డాక్టరు, "పాట ప్రయత్నించండి. కొందరికి రాగం మాటను లాక్కొస్తుంది," అన్నారు.

నేను జన్మలో పాట కట్టి ఎరగను. అయినా తూము దగ్గర జరిగినది పాటగా కట్టబోయాను. నీటి పుస్తకంలోని మాటలను ఎడమ చేతి వేలితో చూపిస్తే పార్వతి రాసింది: నెల, వారం, తూము, మడి హద్దులు, వంతు సంఖ్య, ఉల్లంఘన. మా వీధిలో, వరి నాటేటప్పుడు ఊడ్పు పాటలు ఎత్తే చిన్నమ్మి దాన్ని పాడబోయి రెండో మాటకే ఊపిరాడక ఆగింది.

"మావా, ఇది పాట కాదు, పంచాయితీ నోటీసు. అంతా నువ్వే సెప్పీసినావు. మేమెక్కడ అందుకోవాల?" అంది. "ఒంగి మొక్క పెట్టినంతసేపే ఒక మాట. తరవాత మాకు సోటొదులు."

పాటకు ఖాళీ కావాలని నాకు తెలియదు. ఆరు నెలలు ఒక్కొక్క మాటా కొట్టివేశాము. జులై ఊడ్పుల్లో నన్ను గట్టు మీద కూర్చోబెట్టి, ఆడవాళ్ళు అడగడం, నేను అందుకోవడం మొదలుపెట్టారు.

"ఎక్కడ నిలిసినావు మావా?"

"తూము... తూము కాడ."

"ఏటి పట్టి వొచ్చినాడు మావా?"

"పార."

"పేరు సెప్పు మావా, పేరు సెప్పు."

"అప్పన్న."

పాట ఆగిపోయింది. పక్క మడిలో గట్టు వేస్తున్న అప్పన్న పార అక్కడే వదిలి వెళ్ళిపోయాడు.

ఆగస్టులో పోలీసు స్టేషనుకు వెళ్ళి ఆ పాట పాడాను. అధికారి నవ్వి, "పాటలు కేసుకు పనికిరావు, ఎవరో నేర్పారంటారు," అన్నాడు.

ఇప్పుడు నెమ్మదిగా మాట్లాడుతున్నాను, ఎడమ చేత్తో రాస్తున్నాను. పార్వతి నుదుటి మీద మచ్చ ఉంది. ఇలాంటి రోగి ఇంట్లో ఉన్నవారికి నా సలహా ఒక్కటే: ప్రశ్నల మీద ప్రశ్నలు వేయకండి. తెలిసిన పాట ఎత్తి, చివరి మాట వదిలి, ఆగండి.

పోలీసు అధికారులను అడుగుతున్నాను: మాట పోయినవాడు పాడి చెప్పిన పేరును ఏ నిబంధన ప్రకారం తిరస్కరించారు? వాంగ్మూలం మళ్ళీ ఎప్పుడు తీసుకుంటారు? జవాబు నోటితో వద్దు. నోటిమాట ఎంత సులువుగా పోతుందో నాకు తెలుసు. రాతపూర్వకంగా, సంతకంతో, తేదీ వేసి ఇవ్వాలి. ఆ తేదీ రేపు కాకూడదు.