ఆఖరి గడి

మా అక్కని వీధంతా మేనేజరమ్మ అంటారు. పిల్లల డాక్టరుగారి క్లినిక్‌లో ఇరవై రెండేళ్ళుగా మేనేజరు మరి. "మీ అక్కకేం తల్లీ, ఎంత లేదన్నా నెలకో లక్ష తెచ్చుకుంటుంది" అని నా కుట్టుషాపుకొచ్చిన ప్రతి ఆవిడా కొలతలిస్తూ అంటుంది. నేను నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఊఁ కొడతాను. ఆ సూదులే లేకపోతే నిజం కక్కేద్దును. పేరు గొప్ప ఊరు దిబ్బ. మా అక్క జీతం ఇరవై ఒక్క వేలు. ఏడేళ్ళుగా అదే ఇరవై ఒక్క వేలు.

చాకిరీ మాత్రం చెప్పనక్కర్లేదు. పొద్దున్నే వెళ్ళి టీకాల ఫ్రిజ్ చల్లదనం ఎంతుందో చూసి రాయాలి. టోకెన్లివ్వాలి, బీమా కాగితాలు నింపాలి, నర్సు రాకపోతే పిల్లల్ని తూకం వెయ్యాలి, నేను ముందంటే నేను ముందని కొట్టుకునే తండ్రుల్ని కూర్చోబెట్టాలి. డాక్టరుగారి రాత ఒక్కోసారి ఆయనకే అర్థం కాదు. అప్పుడు గంట కొట్టి అక్కని పిలిచి, "ఇక్కడ నేనేం రాశానమ్మా?" అని అడుగుతారు. అదొక్కటి అడగడం వచ్చు మహానుభావుడికి.

ఇదివరకు జీతాల సంగతంతా ఆయన భార్య చూసేది. ఏడాదికోసారి అక్కని లోపలికి పిలిచి, కుర్చీ వేసి, టీ చేతికిచ్చి, "ఈ ఏడు నీకెంత వెయ్యమంటావే?" అని అడిగేది. అక్క నేలచూపులు చూస్తూ ఏదో అంకె చెప్పేది. "సర్లే, ఇంకో వెయ్యి వేసుకో" అనేదావిడ. ఆ రోజు అక్క ఇంటికొచ్చిందంటే మొహం వెలిగిపోయేది.

ఆవిడ పోయాక జీతాల జాబితా రాసే పని అక్క మీద పడింది. నర్సుకి, మందులిచ్చే అతనికి, ఊడ్చే ఆవిడకి, అందరికీ తనే ఆలోచించి పెంచుతుంది. ఆఖరున తన పేరు రాసి, దానెదురు గడి ఖాళీగా వదిలేస్తుంది. ఆయన చూసి అడుగుతారని. ఆయన చూడరు. కింద సంతకం గీకి ఇచ్చేస్తారు. ఖాళీ గడికి పాత జీతమే గతి.

నాకు ఒళ్ళు మండిపోయేది. "అడగందే అమ్మైనా పెట్టదక్కా! నువ్వే రాసేసుకోవచ్చుగా?"

"నా విలువ నేనే రాసుకోనా?" అనేది. "డబ్బొకటే కాదే. ఆవిడలా ఒక్కసారి ఎవరైనా అడిగితే బాగుండును."

ఇలాంటి మనిషికేం చెప్తాం? గోడకి చెప్పుకోవడం నయం.

ఈ ఏడు సంగతి వేరు. డాక్టరుగారు క్లినిక్ వేరేవాళ్ళకి అప్పగించేసి ఇంటిపట్టున ఉంటారట. ఆయన ఆఖరి సంతకమున్న జాబితా ప్రకారమే కొత్తవాళ్ళు జీతాలిస్తారట. అంటే అడిగినా ఆయన ఇప్పుడే అడగాలి. మళ్ళీ అడిగే మనిషే ఉండడు. పదిరోజులుగా అక్కకి అన్నం సయించలేదు.

సంతకం రోజు నేనూ వెళ్ళాను. డాక్టరుగారి పాంటు నడుము వదులు చేసిచ్చే పనుందిలెండి. ఊళ్ళో పిల్లలందరికీ తీపి తగ్గించమని చెప్పే మనిషి, తన పొట్ట సంగతి పట్టించుకోలేదు. అక్క కాగితం బల్ల మీద పెట్టి చేతులు కట్టుకు నిలబడింది. ఆయన సంతకం చేసి, కలం మూత పెట్టబోయారు.

నా నోరు ఊరుకోదుగా. "డాక్టరుగారూ, ఆ ఆఖరి గడి ఖాళీగా ఉందండీ" అనేశాను. అక్క నన్ను కొరికేసేలా చూసింది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు. "ఓ, అదా! మీ అక్కదేగా. నా సంతకం అయ్యాక తనే వేసుకుంటుంది. ఏడేళ్ళుగా అంతేగా. ఎంత వేసుకుందని నేనెప్పుడూ చూళ్ళేదమ్మా. లెక్క చూడాల్సిన మనిషా మీ అక్క?"

అక్క ఏదో అనబోయింది. ఇంతలో జ్వరం పిల్లని భుజానేసుకుని ఒకావిడ లోపలికొచ్చింది. ఆయన పిల్ల వైపు తిరిగిపోయారు.

కాగితం సంచిలో పెట్టుకుని అక్క నాతో షాపుకొచ్చింది. పొద్దున్నే కొత్తవాళ్ళకిచ్చెయ్యాలి. "చూశావా, ఎంత నమ్మకమో" అని నవ్వబోయింది. కళ్ళు మాత్రం నిండిపోయాయి. "ఏడేళ్ళు పోయాయే! నేను ఆయన అడుగుతారని, ఆయన నేను వేసుకున్నానని."

"పోనీలే, సంతకమైతే ఉందిగా. ఎంతైనా రాసుకో" అన్నాను. అరవై వేలని నా నోటిదాకా వచ్చింది. అక్క కలం పట్టుకుని అలాగే నిలబడింది. చెయ్యి కదల్లేదు.

స్టూలు మీది గుడ్డలు కింద పడేసి, దాని మీద కూర్చోబెట్టాను. ఫ్లాస్కులో టీ వంచి చేతికిచ్చాను. జన్మలో ఎవరితోనూ అంత మెల్లగా మాట్లాడి ఉండను. "ఈ ఏడు నీకెంత వెయ్యమంటావక్కా?"

అక్క నేలచూపులు చూసింది. కానీ ఆలోచించలేదు, టక్కున చెప్పింది. "ఇరవై ఎనిమిది వేలు."

నేననుకున్నదాంట్లో సగం కూడా లేదు. మొన్న తన చేత్తో నర్సుకి రాసినదానికన్నా రెండు వేలే ఎక్కువ. తిట్లు గొంతుదాకా వచ్చాయి. మింగేశాను.

"సర్లే, ఇంకో వెయ్యి వేసుకో" అన్నాను.

అక్క తలెత్తి నన్ను చూసి, టీ గ్లాసు కింద పెట్టి, చిన్నపిల్లలా ఏడ్చింది. ఏడుస్తూనే రాసింది. తొమ్మిది తోక గడి దాటి కిందికి జారింది.