పలకతో పంపులు ఎంచిన పెద్దాయన

ఆ చుట్టుపక్కల ఎవరు మందు పంపు కొనాలన్నా ముందు పెద్దాయన గడప తొక్కాల్సిందే. నలభై రెండేళ్లుగా అదే రివాజు. పైరుకు మందు కొట్టే పంపంటే దుకాణంలో వరసగా పెట్టిన వాటిలో ఒకటి తీసి భుజాన తగిలించుకొచ్చే వస్తువు కాదని, దాన్ని చూసే కళ్లు వేరే ఉంటాయని ఆయన నమ్మకం. ఆ కళ్లు ఆయనకున్నాయని అందరి నమ్మకం.

చదివింది అయిదో తరగతి వరకే. అయితే ఆ అయిదేళ్లూ ఊరి బడిలో లెక్కల్లో ఆయనే మొదటివాడు. పంతులుగారు తప్పు చేస్తే దిద్దినవాడు కూడా. ఆ బడి నుంచి ఆయన వెంట మిగిలింది ఒక రాతిపలక. చెక్క చట్రం మూడుసార్లు మారింది గానీ రాయి మాత్రం చెక్కుచెదరలేదు. పంపు పరీక్ష దానితోనే. ట్యాంకులో నీళ్లు పోయించి, పలకను రెండు బారల దూరంలో నిలబెట్టించి, దాని మీదుగా ఒక్కసారి నీళ్లు కొట్టించి, ఎండకు వాల్చి చూసేవాడు. చుక్కలు ఎంత సన్నగా, ఎంత దగ్గరగా పడితే పంపు అంత గొప్పది. చుక్కలు లావై, కలిసిపోయి, కిందికి కారాయా, పంపు వెనక్కి పోవాల్సిందే.

ఆయన సాధించినవి చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. ఇత్తడి పంపుల కాలం నుంచి బ్యాటరీ పంపుల కాలం దాకా ఆ పలక ముందు నిలబడని రకం లేదు. పత్తికి పురుగు పట్టిన ఏడు, అందరూ మందు మార్చండి మందు మార్చండి అని గోల పెడుతుంటే, "మందు కాదర్రా, నాజిళ్లు మార్చండి" అని ఒకే రోజు అరవై పంపులకు మందు చిమ్మే కొత్త నాజిళ్లు వేయించాడు. పైరు నిలబడింది. పంపులు తయారుచేసే కంపెనీ నుంచి ఇస్త్రీ బట్టల ఆఫీసరు ఒకాయన వచ్చి ఏడు పంపుల్ని యంత్రం పెట్టి కొలిచి ఒకటి ఎంచాడు. పెద్దాయన పలక పెట్టి ఎంచాడు. ఇద్దరూ ఎంచింది ఒకటే! ఆ ఆఫీసరు ఆయన భుజం మీద చెయ్యేసి తీయించుకున్న ఫోటో ముందు గదిలో, తలుపు తీయగానే కనబడేలా ఉంటుంది.

అలాంటి మనిషికి సొంత చెల్లెలు పంపు ఎంచిపెట్టమని కబురు పెడితే చెప్పేదేముంది!

ఆ చెల్లెలు ఆయనకన్నా పద్దెనిమిదేళ్లు చిన్నది. ఎత్తుకుని పెంచాడు. పదహారేళ్లు ఇంకొకరి నర్సరీలో నారు పెంచి పెంచి, చివరికి సొంతంగా షెడ్డు వేసుకుంది. ఇనప గొట్టాలు, పైన ఆకుపచ్చ వల, పక్కలకు చుట్టి పైకెత్తే వలలు. లోపల రెండు వందల ట్రేలు, ట్రేకి తొంభై ఎనిమిది గుంటలు, గుంటకొక టమాటా మొక్క. ఆమె పేరు మీద పెరిగిన మొదటి నారు అది. పది రోజుల్లో రైతులొచ్చి పట్టుకుపోవాలి. అది బాగుంటే మళ్లీ మళ్లీ వస్తారు. బాగోలేదా, నారు పెంచడం తెలియని మనిషని ముద్ర పడిపోతుంది.

"షెడ్డు చుట్టూ పిచ్చిమొక్కలు మోకాలెత్తు పెరిగాయన్నయ్యా. తెల్లదోమ అందులోనే కాపురం పెట్టింది. నారు ఇచ్చేలోగా కలుపు మందు కొట్టేయాలి. మంచి పంపు చూసిపెట్టు."

"చూసిపెట్టేదేంటే, నేనే వచ్చి కొట్టిపెడతా."

"నీకు డెబ్బై ఏళ్లు."

"భుజానికి ఆ లెక్క తెలీదులే."

పెద్దాయన పంపుల దుకాణానికి వెళ్లగానే కుర్రాయన, తండ్రి పోయాక గల్లా దగ్గర కూర్చున్నవాడు, మర్యాదగా లేచి నిలబడ్డాడు. ఏ పనికని అడిగాడు. కలుపు మందుకని చెప్పగానే ఒక మామూలు చేతిపంపు తీసి, దానికి చదునుగా కొట్టే నాజిల్ బిగించాడు.

"దీని చుక్క లావుగా పడుతుంది బాబాయ్. కొట్టినచోటే పడి ఉంటుంది. ముందు ఈ ప్లాస్టిక్ గొడుగు తగిలించుకుంటే ఇంకా మంచిది. కలుపు మందుకు ఇదే వాడమంటున్నారు."

పెద్దాయన సంచిలోంచి పలక తీశాడు. పంపు కొట్టించాడు. పలక మీద లావు చుక్కలు పడి, ఒకదాన్నొకటి పట్టుకుని జారిపోయాయి.

"ఇదేం పంపురా అబ్బాయ్, ముక్కు చీదినట్టుంది!"

కొట్లో ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. తర్వాత ఆయన వేలెత్తి చూపిన బ్యాటరీ పంపును దించారు. పురుగుమందులకు వాడే నాజిల్ దానికి. మీట నొక్కగానే సుయ్‌మని చప్పుడు, పలక మీద అద్దం మీద ఊదినట్టు సన్నటి తడి. చుక్క ఎక్కడో కంటికి ఆనలేదు. నలభై రెండేళ్లలో అంత సన్నటి తడి ఆ రాయి మీద పడలేదు.

"అది పురుగుమందులకు బంగారం బాబాయ్, కాదన్ను. కానీ కలుపు మందు..."

"మీ నాన్నకు దుకాణం పెట్టిన రోజు పంపులు ఎంచి ఇచ్చింది ఎవరో తెలుసా?"

"మీరే."

"మరి?"

కుర్రాయన తల గోక్కుని పంపును సంచిలో పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే పెద్దాయన పంపు భుజాన వేసుకున్నాడు. ఎండ ఇంకా ముదరలేదు. గాలి ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. నారుకు గాలి ఆడాలని షెడ్డు పక్క వలలు పైకి చుట్టి ఉన్నాయి.

"వలలు దించనా అన్నయ్యా?"

"ఎందుకే? నా చేతిలో మందు ఎక్కడ పడాలో అక్కడే పడుతుంది."

మీట నొక్కాడు. తెల్లటి పొగలాంటిది లేచి, పిచ్చిమొక్కల మీద ఒక్క క్షణం ఆగి, మెల్లగా పక్కకు కదిలి, కనబడకుండా పోయింది. ఆ అందానికి పెద్దాయన తనే మురిసిపోయాడు. "చూశావా, మంచు పట్టినట్టు ఎలా పోతోందో!" అని చెల్లెల్ని పిలిచి మరీ చూపించాడు. షెడ్డు నాలుగు వైపులా తిరిగి కొట్టి, మీసం తుడుచుకుని, చల్లటి నీళ్లు తాగి వెళ్లాడు.

మూడో రోజు చెల్లెలు ఫోన్ చేసింది. గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

"ఒకసారి రా అన్నయ్యా."

టమాటా ఆకులన్నీ దొప్పల్లా ముడుచుకుని ఉన్నాయి. కాడలు తాడు మెలిపెట్టినట్టు మెలితిరిగాయి. గాలి వచ్చిన వైపు ట్రేలు మరీ ఘోరం. పెద్దాయన వంగి చూశాడు. నీళ్లు చాలలేదేమో అన్నాడు. ఎర్రనల్లి పురుగు పట్టిందేమో అన్నాడు. విత్తనమే నాసిరకం అయ్యుంటుందన్నాడు. చెల్లెలు దేనికీ కాదనలేదు. అప్పుడు అర్థమైంది ఆయనకు. ఆమెకు ముందే తెలుసు.

ఒక మొక్కను తడిగుడ్డలో చుట్టుకుని దుకాణానికి పరిగెత్తాడు. కుర్రాయన ఆకు వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు. నేను చెప్పలేదా అనలేదు. అని ఉంటే బాగుండేది.

"విరుగుడు ఏదైనా ఉంటే ఇవ్వరా."

"లేదు బాబాయ్."

"ఏదో ఒకటి ఉంటుంది. వెతుకు."

"మొక్క తాగేసింది బాబాయ్. బయటికి తీసేది ఏదీ లేదు."

అయినా ఆయన ఊరుకోలేదు. ఆ పూటా, మర్నాడూ బిందెలతో నీళ్లు మోసి ఆకు ఆకూ కడిగాడు. ఎవరో చెప్పారని చక్కెర నీళ్లు చల్లాడు. ముడుచుకున్న ఆకును వేళ్లతో విప్పి నిమిరి చూశాడు. వదలగానే అది మళ్లీ ముడుచుకుంది. కొత్త చిగురు వస్తే దాని మీద ఆశ పెట్టుకున్నాడు. వచ్చింది. అదీ మెలితిరిగే వచ్చింది.

"ఇక చాల్లే అన్నయ్యా, కూర్చో," అంది చెల్లెలు. అని ట్రే దులిపి మొక్కల్ని గోతిలో పోసింది. ఆయన కూర్చున్నాడు. పెంచిన చేతుల్తోనే ఆమె ఒక్కో ట్రే దులుపుతుంటే లేచి సాయం చేయడానికి ఆయన చేతులు రాలేదు.

పదో రోజున రైతులు నారు కోసం వచ్చారు. నలుగురైదుగురు గుమ్మం దగ్గర నిలబడ్డారు. చెల్లెలు వాళ్లకు గోతిని చూపించింది.

"గాలి మోసం చేసింది. ఎక్కణ్నుంచో కలుపు మందు కొట్టుకొచ్చింది," అంది. అన్న వైపు చూడలేదు.

పెద్దాయన వెనక నుంచి ముందుకొచ్చాడు. గొంతు సవరించుకున్నాడు. అరవై పంపుల కథ చెప్పడానికి అలాగే సవరించుకునేవాడు.

"గాలిది కాదు తప్పు. మందు కొట్టింది నేను. కలుపు మందుకు సన్న చుక్క పనికిరాదు, లావు చుక్క కావాలి. నేను ఎంచిన పంపు తప్పు."

ఒకతను పకపకా నవ్వాడు.

"భలేవారే బాబాయ్! చెల్లెల్ని వెనకేసుకొస్తున్నారు. మీరు ఎంచిన పంపు తప్పవడమేంటి?"

"నిజంరా. నా పలకే తప్పు చెప్పింది."

"అమ్మా, నారు పెంచడం చేతకాకపోతే చేతకాలేదని చెప్పాలిగానీ పెద్దాయన చేత ఇలా చెప్పిస్తావా?" అని ఇంకొకతను చెల్లెల్ని గదమాయించాడు. ఆమె తల దించుకుంది.

"ఆమెను అనకండిరా! నేను చెప్పేది వినండి!" పెద్దాయన అరిచాడు. ఆ గొంతు ఆయనకే కొత్తగా వినబడింది. ఎవరూ వినలేదు. ఖాళీ సంచులు మడుచుకుని వేరే నర్సరీకి బయలుదేరారు.

నవ్వినతను మాత్రం పోతూ పోతూ ఆగి, బండి మీద కట్టిన కొత్త పంపును విప్పి తెచ్చి ఆయన ముందు పెట్టాడు. అదే రకం. అదే నాజిల్.

"మీ చెల్లెలి కోసం ఎంచారని తెలిసి నేనూ అదే కొన్నా బాబాయ్. రేపు మా గట్ల మీద కలుపుకు కొట్టాలి. గట్టు పక్కనే మిరప తోట ఉంది గదా, అందుకే ఒకసారి పలక పెట్టి చూడండి. మీరు ఊ అంటే నాకదే చాలు."

"వద్దు. నాజిల్ మార్చు. చదునుది వేయించుకో."

"మీరు కొట్లో దాన్ని ముక్కు చీదినట్టుందన్నారట గదా! ఊరంతా చెప్పుకుంటున్నారు." అతను ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. పెద్దాయన సంచిలోంచి తనే పలక తీసి, చెల్లెలి చేతికిచ్చి దూరంగా పట్టుకోమని, ట్యాంకులో నీళ్లు పోసి మీట నొక్కాడు. తెల్లటి పొగ లేచి పలకను తాకింది.

"చూడండి బాబాయ్, ఒక్క చుక్కన్నా కారిందా?"

కారలేదు. పలక మీద తడి సన్నగా, సమంగా, చూడచక్కగా పరుచుకుని ఉంది. పలక పట్టుకున్న చెల్లెలు అన్న ముఖంలోకి చూస్తూ నిలబడింది. పెద్దాయన వద్దు వద్దని చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. అతను అప్పటికే పంపును బండికి కట్టేసుకుంటున్నాడు.