నాగారం రెండుసార్లు దాటిపోయింది

పదిహేనేళ్లుగా నేను చదివినవన్నీ ఆఫీసు ఫైళ్లే. పోయిన నెల ఓ మిత్రుడు అంటగట్టిన సైన్స్ ఫిక్షన్ సిరీస్‌తో మళ్లీ కుర్రాడినైపోయాను. ఈ సాయంత్రం ఇంటికొస్తూ బస్సులో మూడో భాగం తెరిచాను. తలెత్తేసరికి బస్సంతా ఖాళీ.

"నాగారం ఎప్పుడో పోయింది సార్, గిది కీసర. రెండుసార్లు ఒర్లిన, మీరు ఇనలే. ఏముంది గా బుక్కుల?" అన్నాడు కండక్టర్.

మనుషులు నిద్రలోనే మరో గ్రహానికి వెళ్తారనీ, లేచేసరికి మూడొందల ఏళ్లు గడిచిపోతాయనీ చెప్పాను.

"మరి దిగే జాగ రాంగనే లేపనీకి గా బండిల కండక్టర్ లేడా?"

ఇన్ని వందల పేజీల్లో రచయితకు తట్టని ప్రశ్న!

అదే బస్సులో వెనక్కి బయల్దేరాను. జనం లేరు. కండక్టర్ వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. "ఇగ జెప్పుండ్రి సార్, లేచినంక ఏమైంది?"

చెప్పాను. ఇద్దరం తలెత్తి చూస్తే నాగారం మళ్లీ దాటేసి కుషాయిగూడ!

మా ఆవిడ మరో గ్రహం దాకా అంతా నమ్మింది. కండక్టరే స్టాపు మరిచిపోయాడంటే మాత్రం నమ్మనంటోంది. పుస్తకంలో పడి స్టాపు దాటేసినవాళ్లు కాస్త కింద సాక్ష్యం చెప్పండి. ఇంకా అన్నం పెట్టలేదు.