మా అత్తమ్మ, తెల్లకొమ్ములోడు

మా అత్తమ్మ పేరు రాజేశ్వరి. హనుమకొండ చౌరస్తా దగ్గర మాకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. బిందెను చేతిలోకి తీసుకుంటే చాలు, అది మందపు రేకో పలచటి రేకో ఆమె చెప్పేస్తుంది. బజారుకు ఆమె గురించి తెలిసింది అంతే. ఆమె జపాను కత్తియుద్ధాల వీడియో గేమ్ ఆడుతుందని మొన్నటి దసరా దాకా మా ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. తెలియకుండా కాపాడుకుంటూ వచ్చింది మా మామయ్య లక్ష్మీనారాయణ. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అందుకే ఈ సంగతి ఎవరూ అడక్కముందే చెప్తున్నాను.

ఆ ఆట పేరు యుకికగే. మా ఆయన సాయితేజ ఇంటర్ చదివే రోజుల్లో ఎవరి దగ్గరో పాత గేమ్ డబ్బా కొంటే, దాంతోపాటు ఈ డిస్కు వచ్చింది. అంతా జపాను భాషే. నాలుగు రోజులు ఆడి, విసుగొచ్చి వదిలేశాడు. దుకాణం వెనక గదిలో టీవీ కింద దుమ్ము పట్టిపోతున్న ఆ డబ్బాను, బేరాల్లేని ఒక మధ్యాహ్నం అత్తమ్మ తుడిచి ఆన్ చేసింది. అంతే, మళ్ళీ వదల్లేదు.

మంచు అడవిలో ఒక దిక్కులేని పిల్లగాడు కర్రముక్కతో బయలుదేరుతాడు. తోడేళ్ళు, దొంగలు, దయ్యాలు ఎదురొస్తాయి. గెలిచిన కొద్దీ బలం పెరుగుతుంది, మంచి కత్తి దొరుకుతుంది. అయితే బలం ఎంత పెరిగినా దెబ్బ కాచుకోవాల్సింది ఆడేవాళ్ళ వేళ్ళే. బొత్తాం ఒక్క క్షణం ఆలస్యంగా నొక్కామా, పిల్లగాడు మంచులో కూలబడతాడు. అన్నీ దాటితే కొండ మీది కోటలో రాక్షసుడు ఉంటాడు. అత్తమ్మ వాడికి తెల్లకొమ్ములోడు అని పేరు పెట్టుకుంది. పిల్లగాడిని మాత్రం ‘మావోడు’ అంటుంది.

“భాష రాదు గదా అత్తమ్మా, నీకెట్ల సమజైతాంది?” అని పెళ్ళయిన కొత్తలో అడిగాను.

“కత్తి లేపెటోని భాషతోటి నాకేం పని బిడ్డా? వాని భుజం చూస్తె తెలుస్తది ఎటు కొడుతడో,” అంది తెర మీది నుంచి కళ్ళు తిప్పకుండా.

అట్లా మా అత్తాకోడళ్ళకు దోస్తీ కుదిరింది. మామయ్యకే ఆ ఆటతో కుదరలేదు. లోపల కత్తుల చప్పుడు వినిపించి “ఏంది సేటూ, లోపల లొల్లి?” అని గిరాకులు అడిగితే, “సీరియల్ పెట్టుకున్నది. బీపీ ఉన్నది గదా, జర రెస్ట్ తీసుకుంటాంది,” అని అబద్ధమాడేవాడు. నిక్షేపంలా ఉన్న మనిషికి లేని బీపీ అంటగట్టాడు! నాకు ఒళ్ళు మండేది. ఆమె మాత్రం నవ్వి తలుపు దగ్గరగా వేసుకునేది.

ఆ నవ్వు వెనక ఏముందో చాలా రోజులకు గాని నాకు తెలియలేదు. అత్తమ్మ పుట్టిల్లు డోర్నకల్. వాళ్ళ నాయనకు రైల్వే గేటు దగ్గర కిరాణా దుకాణం ఉండేది. గచ్చకాయల ఆటలో ఆ వాడలో ఆమెను గెలిచిన పిల్ల లేదట. ఒకనాడు ఆట మధ్యలోనే ఆమె పెద్దమనిషి అయింది. నాయనమ్మ వచ్చి చెయ్యి పట్టి లేపి, గచ్చకాయలు తీసుకుపోయి బాయిలో పారేసింది. “ఇగ ఆటలు బంద్,” అంది. “ఇంకొక్క చెయ్యి పడితె గెలుస్తుంటి స్నేహా. సగంల లేపిండ్రు,” అని అత్తమ్మ నాతో చెప్పినప్పుడు ఆమె గొంతులో మంట అట్లాగే ఉంది. ఇన్నేళ్ళయినా చల్లారలేదు.

పోయిన ఎండాకాలంలో మామయ్య కొత్త మాట తెచ్చాడు. దీపావళికి సరుకు ఎక్కువ దింపాలి, వెనక గది గోదాము చేయాలి అన్నాడు. “ఈ వయసుల నీకా ఆట ఎందుకే? తీసి ఎవలకన్న ఇచ్చెయ్యి.”

“తెల్లకొమ్ములోని దగ్గరికి వచ్చిన. దసరాలోపు వాన్ని పడగొడుత. అప్పుడు తీసుకో నీ గది. అప్పటిదాక డబ్బా మీద చెయ్యి పెట్టినవంటె నీకూ నాకూ ముచ్చట్లుండయ్,” అంది అత్తమ్మ. మామయ్య ఒప్పుకున్నాడు.

ఈ గొడవ ఎందుకని సాయితేజ ఆమె ముందు కొత్త దారులు పరిచాడు. యుకికగే ఒకటి కాదు, చాలా రూపాల్లో వచ్చిందట. చేతిలో పట్టుకుని ఆడే చిన్న మిషన్‌ది ఒకటి తెచ్చాడు. అందులో అడవి సగానికి సగం కోసేశారు. ఫోన్‌లో వచ్చేది పెట్టిచ్చాడు. అందులో ఒక బొత్తాం నొక్కితే పిల్లగాడు వాడంతట వాడే కొట్టుకుంటూ పోతాడు. అత్తమ్మ కాసేపు చూసి, “వాడే కొట్టుకుంటె నేనెందుకు? పొయ్యి మీద పప్పు పెట్టి వస్త,” అని లేచిపోయింది. కొత్త మిషన్‌కు బొమ్మలు మెరిపించి మళ్ళీ వేసినదాన్ని సాయితేజ దోస్తు ఇంట్లో ఆడించాడు. మంచు ముత్యాల్లా ఉంది, ఇంగ్లీషు అక్షరాలు కూడా వచ్చాయి. కానీ తెల్లకొమ్ములోడు కత్తి దించే పద్ధతి మార్చేశారు. అత్తమ్మ ఎన్నో ఏళ్ళుగా భుజం చూసి నేర్చుకున్న లెక్క అక్కడ పనికిరాలేదు.

“డిజైను అదేనే, రేకు వేరే,” అంది ఇంటికి వస్తూ ఆటోలో. “నేను మొదలుపెట్టింది పాతదాంట్ల. దాంట్లనే అయిపోగొడుత.”

దసరా వచ్చింది. ఆ పొద్దున దుకాణం కడిగి, మావిడాకులు కట్టి, పూజకు కూచున్నాం. తక్కెడకు గంధం, కుంకుమ. గల్లాపెట్టెకు, మామయ్య బండికి, కత్తెరకు కూడా బొట్లు పెట్టాం. చేతికి పనికొచ్చే ప్రతిదానికీ ఆనాడు బొట్టు పెట్టాల్సిందే. అత్తమ్మ లోపలికి పోయి తన గేమ్ డబ్బాను పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చి తక్కెడ పక్కన పెట్టింది. మామయ్య మొహం ముడుచుకున్నాడు.

డబ్బాకు బొట్టు పెట్టి ఆమె ఆగి ఉంటే బాగుండేది. ముందు గాడిలో ఉండే చిన్న మెమరీ కార్డును బయటికి తీసింది. ఆడినంత ఆటా ఆ కార్డులోనే దాచి ఉంటుంది. “మావోడు ఉన్నది దీన్లనే గదా. వానికి పెట్టకపోతె ఎట్ల?” అని దానికి అటూ ఇటూ తడి గంధం దట్టంగా పూసి, కుంకుమ అద్ది, పసుపునీళ్ళు చల్లింది. నేనూ భక్తిగా దండం పెట్టుకున్నాను. హారతి అయ్యాక కార్డును అట్లాగే గాడిలో పెట్టింది. ఆనాడే తెల్లకొమ్ములోణ్ణి కొట్టాలని ఆన్ చేసింది.

కార్డు లేదని తెర మీద చూపించింది. అత్తమ్మ కార్డు తీసి తుడిచింది, పైట చెంగుతో రుద్దింది, ఎండలో పెట్టింది. సాయితేజ ఏవేవో చేసి చూశాడు. తడి లోపలికి దిగి కార్డు కాలిపోయింది. అడవి, కోట, కత్తి, మావోడు, ఏదీ మిగల్లేదు. అత్తమ్మ గోడకు ఆనుకుని కూచుండిపోయింది. ఆమె కళ్ళలో నీళ్ళు చూడటం నాకు అదే మొదటిసారి. నాకు ఏడుపు ఆగలేదు.

“సూసినవా, అమ్మవారే ఆపమన్నది,” అన్నాడు మామయ్య. ఆ మాటలో జాలి ఉంటే ఊరుకునేదాన్ని. హమ్మయ్య అన్నట్టు ఉంది.

“అమ్మవారు మీ చెవుల చెప్పిపోయిందా మామయ్యా?” అని నేను గయ్యిమన్నాను. సాయితేజ నన్ను ఆపి, “అమ్మా, ఫికర్ చెయ్యకు. తెల్లకొమ్ములోని దాక ఎవలో ఆడి పెట్టింది నెట్‌ల దొరుకుతది. అది ఎక్కిస్తే సీదా లాస్ట్ ఫైటే,” అన్నాడు.

అత్తమ్మ కళ్ళు తుడుచుకుంది. “మంది వండిన బువ్వ తిని నేనే వండిన్నని చెప్పుకోవాల్నారా? అసొంటి గెలుపు నాకొద్దు.”

మర్నాడు పొద్దున్నే మామయ్య హమాలీలను పిలిచి వెనక గదిలో అట్టపెట్టెలు దింపించాడు. గడువు దసరా దాకే గదా అన్నాడు. అత్తమ్మ లోపలికి పోయి వైర్లు పీకింది. డబ్బా, వైర్లు చంకన పెట్టుకుని దుకాణం ముందు భాగంలోకి వచ్చింది. అక్కడ గోడకు భక్తి పాటలు పెట్టే టీవీ ఉంది. స్టూలు ఎక్కి వైర్లు గుచ్చింది. గల్లా పక్కన కుర్చీ వేసుకుని కూచుంది. చౌరస్తాలో పోయే ప్రతివాడికీ కనిపించేటట్టు!

మామయ్య ఉరికొచ్చాడు. “రాజేశ్వరీ, పరువు తీస్తానవే! బజారంత చూస్తాంది.”

“చూడనియ్యి. ఇన్నేండ్లు నీ పరువు కోసం తలుపేసుకున్న. ఇగ ఏసుకోను. చిన్నప్పుడు సగంల లేపితె లేచిన. ఇప్పుడు లేవ. ఎవలొచ్చి లేపుతరో లేపుండ్రి!”

నాకైతే ఈల వెయ్యాలనిపించింది. కోడల్ని గదా, ఊరుకున్నాను.

మళ్ళీ మొదటి నుంచి. చేతిలో కర్రముక్క, ఒంటి మీద చినిగిన అంగీ. మొదటి తోడేలు దూకింది. ఒకప్పుడు ఆ తోడేలు అత్తమ్మను వారం రోజులు ఏడిపించిందని సాయితేజ చెప్పేవాడు. ఇప్పుడది గాలిలో ఉండగానే కర్రతో ఒక్కటిచ్చింది. తోడేలు పడిపోయింది. అత్తమ్మ తన వేళ్ళను తానే ఆశ్చర్యంగా చూసుకుంది.

“స్నేహా,” అని కేక పెట్టింది. “కార్డులది పోయింది గని చేతులది పోలేదే!”

నాలుగు రోజుల్లో బజారంతా తెలిసిపోయింది. నవ్వినవాళ్ళు నవ్వారు. “సేటమ్మకు పిచ్చి లేసింది,” అన్నవాళ్ళను నేను ఊరికే పోనివ్వలేదు. సాయితేజ ఎక్కడో వెతికి ఇంకో కార్డు తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. మామయ్యకు రెండు వారాలకే తల తిరిగిపోయింది. “గది ఖాళీ చేపిస్త, లోపల ఆడుకో,” అని దిగివచ్చాడు.

“నాకు గదొద్దు,” అంది అత్తమ్మ. “ఈడనే మంచిగున్నది. గాలొస్తాంది.”

పోయిన నెల, ఒక మిట్టమధ్యాహ్నం. పరకాల నుంచి మొగిలమ్మ అనే రైతు మనిషి వచ్చింది. కొత్త ఇంట్లోకి పోతున్నారట, గంగాళం కావాలట. మొగిలమ్మ టీవీ వైపు, అత్తమ్మ వైపు మార్చి మార్చి చూసింది. “ఏందక్కా, గీ వయసుల గీ ఆట?”

“నా వయసు నాకెరుకనే చెల్లే. నువ్వు నీ గంగాళం చూసుకో,” అంది అత్తమ్మ. తెర మీద తెల్లకొమ్ములోడు సింహాసనం మీది నుంచి లేచాడు.

మొగిలమ్మ గంగాళం చూసుకోలేదు. బియ్యం సంచి మీద కూచున్నట్టు అట్టపెట్టె మీద కూచుని చూడసాగింది. వాడు ఒక దెబ్బ వేశాడు, మావోడు దొర్లాడు. ఇంకో దెబ్బకు ప్రాణం కొసకు వచ్చింది. అప్పుడే గుమ్మంలోకి ఇంకో గిరాకీ వచ్చి, “సేటమ్మా, గీ బిందె జర తూకమెయ్యి,” అంది గట్టిగా.

అత్తమ్మ భుజాలు కదిలాయి. ఎన్నేళ్ళ అలవాటో, పిలుపు వినగానే లేవబోయింది.

“ఆగమ్మా,” అన్నాడు మామయ్య ఆ గిరాకీతో. తనే గల్లా దిగి తక్కెడకు అడ్డంగా నిలబడ్డాడు. “ఆట సగంల ఉన్నది. ఆమెను లేపకుండ్రి.”

అత్తమ్మ లేవలేదు. తెల్లకొమ్ములోడి కుడి భుజం పైకి లేచింది. ఆమె బొటనవేలు దానికంటే ముందే కదిలింది. కొమ్ములు విరిగి మంచులో పడ్డాయి.

మొగిలమ్మ చప్పట్లు కొట్టింది. నేను ఏడ్చాను, సిగ్గేం లేదు. తెర మీద మాకు చదవరాని జపాను పేర్లు పైకి పోతుంటే అత్తమ్మ చివరి పేరు దాకా కూచుని చూసింది. మామయ్య గొంతు సవరించుకుని, “ఇగ అయిపోయింది గదా. టీవీ ఇస్తవా? పొద్దుటి నుంచి పాటల్లేవు,” అన్నాడు.

అత్తమ్మ కుర్చీని ఇంకొంచెం ముందుకు జరుపుకుంది.

“గెలిస్తె ఇంకా గట్టి ఆట తెరుసుకున్నదయ్యా. మళ్ళ మొదలుపెడుతాన. నువ్వు ఆ బిందె తూకమెయ్యి.”