పిచ్చుక చేసిన అగ్గిపెట్టెంత ఆంప్లిఫయరు

పిచ్చుక కష్టపడి సాధించిన మొట్టమొదటి విజయం ఏదంటే, హెడ్‌ఫోనులో ఏమీ వినపడకపోవడం. అగ్గిపెట్టెంత బోర్డు మీద తానే గీతలు గీసి, తానే టంకం పెట్టుకున్న ఆంప్లిఫయరుకి బ్యాటరీ తగిలించి, హెడ్‌ఫోను చెవులకు పెట్టుకుని, వాల్యూమ్ చివరిదాకా తిప్పింది. గుయ్‌మని లేదు, బుస్సుమని లేదు. ఆ తర్వాత పాట పెడితే, పాడే మనిషి ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. "అక్కా!" అని ఆమె వేసిన కేకకి వీధిలో పోతున్న సైకిలాయన బ్రేకు వేసి దిగాడు.

ఆ కేక విని అందరికంటే ముందు లేచినవాడు ఆమె బావ, మైకుల మేస్త్రి. అందరికంటే చివర నవ్వినవాడూ ఆయనే.

మేస్త్రి సామాన్యుడా? చదివింది పల్లెటూరి బడిలో ఐదో తరగతి. మీసాలు రాకముందే పాడైన రేడియో విప్పి, మళ్ళీ బిగించి, మిగిలిపోయిన రెండు మరలు ఎక్కడివో కూడా కనిపెట్టినవాడు. గాలివానలో మైదానం మధ్య నిలబడి, ట్రంకుపెట్టెంత ఆంప్లిఫయరు మీద తన చొక్కా విప్పి కప్పి, చివరి వరసలోని చెవిటి ముసలాయనకి కూడా ఉపన్యాసం పొల్లుపోకుండా వినిపించినవాడు. మిల్లు సైరను మూగబోతే ఇంజనీర్లు తలలు పట్టుకు కూర్చున్నప్పుడు, నిచ్చెనెక్కి దాన్ని మాట్లాడించినవాడు. ఆయన చేతికింద పని నేర్చుకున్నవాళ్ళు ఇవాళ సొంత కొట్లు పెట్టుకున్నారు. ఇవన్నీ ఎవరు చెప్పారంటే ఆయనే చెప్పుకున్నాడు. అయినా ఒక్కటీ అబద్ధం కాదు.

పిచ్చుక ఆయన భార్యకి చెల్లెలు. మనిషి పిడికెడు, నోరు మాత్రం గంపెడు, అందుకే ఇంట్లో ఆ పేరు. కుట్టుపని చేసే కార్ఖానా మూతపడ్డాక అక్క పంచన చేరింది. ముందుగదిలో కొట్టు, వెనక రెండు గదుల్లో కాపురం. ఊరికే కూర్చోవడం చేతకాని పిల్ల కొట్లోకి వచ్చి నిలబడింది. సోల్డరింగ్ ఐరన్ చేతికిచ్చి నేర్పింది మేస్త్రే.

"టంకానికి కాదే, ముందు రాగికి వేడి తగిలించు. రాగి వేడెక్కితే టంకం దానంతటదే పరిగెత్తుకొస్తుంది" అనేవాడు.

నేర్పినన్నాళ్ళూ ముచ్చటపడ్డాడు. నేర్చేసుకున్నాక ఆయన కడుపులో చిన్న సెగ మొదలైంది. పిచ్చుకవి సూదిలో దారం ఎక్కించి ఎక్కించి ఆరితేరిన వేళ్ళు మరి. వడ్లగింజంత రెసిస్టరుని పట్టుకారుతో పట్టి కూర్చోబెడితే, టంకం మంచుబొట్టులా మెరిసేది. వచ్చినవాళ్ళు "ఎవరు పెట్టారండీ ఇది?" అని అడిగితే మేస్త్రి "మా కొట్లోనే" అనేవాడు. మనిషి పేరు మాత్రం పెదవి దాటేది కాదు.

ఇంతలో లైబ్రరీ మేడమ్ వచ్చింది. చూపు తగ్గినవాళ్ళ కోసం వినే గది తెరుస్తున్నారట. కుర్చీకో హెడ్‌ఫోను, రికార్డు చేసిన పుస్తకాలు. ఇక్కడ బాగుంటే చుట్టుపక్కల ఊళ్ళలోని గదులన్నిటికీ ఆ ఆంప్లిఫయరే. నమూనా ఒకటి తీసుకురమ్మంది. ఊళ్ళో చప్పుడుకి సంబంధించిన ఏ పనీ మేస్త్రి గడప తొక్కకుండా పోలేదు. ఇదీ తనదే అనుకుంటూ తలూపుతుండగా, వెనకనుంచి "నేనూ ఒకటి తెస్తాను మేడమ్" అంది పిచ్చుక.

"తేమ్మా, పోటీ మంచిదే" అంది మేడమ్. ఆ పూట మేస్త్రికి అన్నం సయించలేదు. తన కొట్లో, తన బల్ల దగ్గర, తను నేర్పిన పిల్లకి ఈ పని పోతే ఇక ఆ గడప ఎవరిది?

పిచ్చుక గళ్ళ కాగితం మీద పెన్సిలుతో గీతలు గీయడం మొదలుపెట్టింది. ఒక దారి ఇంకో దారిని దాటకూడదు, చోటేమో అగ్గిపెట్టెంత. చెరిపీ చెరిపీ కాగితం చిల్లులు పడింది. మొదటి బోర్డు తలకిందులైంది. ఆ గీతల్ని రాగిరేకు మీద అద్దంలో చూసినట్టు తిప్పి అచ్చువేయాలన్నది మరచిపోయేసరికి ఐసీ చిప్పు కాళ్ళన్నీ ఎడమవి కుడికి పోయాయి.

"బోర్డు కింద దూరి బిగించుకో, సరిపోతుంది" అని మేస్త్రి పకపకా నవ్వాడు.

ఇంకోటి రాగిని కరిగించే మందునీళ్ళలో ఎక్కువసేపు నాని గీతలే మాయమయ్యాయి. ఇంకోటి అంతా బాగుండి గుయ్‌మంది. ఆ రొద వదిలించడానికి ఎన్ని బోర్డులు పోయాయో! చివరికి ఎర్త్ దారులన్నిటినీ వేటికవి విడివిడిగా తెచ్చి ఒకే చోట కలిపింది. అప్పుడు దక్కింది ఆ నిశ్శబ్దం.

మేస్త్రి తన నమూనా కూడా కట్టాడు. దిట్టమైన పెట్టె, మెరిసే గుండీలు. కాని స్పీకరులో పది అడుగుల దూరానికి వినపడని రొద, చెవికి ఆనించేసరికి తుమ్మెదలా తగులుకుంది. భార్య విని, "ఏవండీ, ఇందులో ఈగ దూరినట్టుంది, తీసెయ్యండి" అంది.

"అలవాటైతే వినపడదులే" అన్నాడు ముఖం తిప్పుకుని.

పిచ్చుక ఆంప్లిఫయరులోనూ ఒక లోటుంది. అది మేస్త్రికొక్కడికే తెలుసు. ఆయన బల్ల సొరుగులో రేకు డబ్బా నిండా మంచి వాల్యూమ్ కంట్రోళ్ళున్నాయి. మూతపడ్డ రేడియో కార్ఖానా నుంచి తెచ్చి, మీటరు పెట్టి చూసి, రెండు చెవులకీ సరిసమానంగా పంచేవాటినే ఏరి దాచుకున్నవి. పిచ్చుక ఒకటి అడిగితే, ఆ డబ్బా పక్కకి నెట్టి, పనికిరావని పడేసిన వాటిలోంచి చిన్నది తీసి ఇచ్చాడు. "నీ బుల్లి బోర్డుకి ఇది చాల్లే." పెద్దగా పెడితే దాని గుట్టు తెలియదు. బాగా తగ్గిస్తే కుడి చెవిలో పాట చచ్చిపోతుంది. వాల్యూమ్ పెంచుకుని వినే పిచ్చుకకి అది తెలియలేదు. మేస్త్రికి మాత్రం కడుపులో చల్లగా ఉంది.

నమూనాలు చూపించే రోజు బావామరదళ్ళిద్దరూ పనిసంచీలతో లైబ్రరీకి వెళ్ళారు. మేడమ్ మొదట మేస్త్రిది పెట్టుకుని విన్నది.

"మేస్త్రి గారూ, కథ వెనకాల ఎవరో పిండిమర ఆడిస్తున్నారండీ."

తర్వాత పిచ్చుకది. కాసేపటికి మేడమ్ కళ్ళు మూసుకుంది. మొహం విప్పారింది. మేడమ్ వేలు గుండీ మీదికి పోయి మెల్లగా తగ్గించింది. తల ఎడమవైపుకి వాలింది.

"ఇదేంటమ్మా, చదివే ఆయన కుడి చెవిలోంచి లేచి వెళ్ళిపోయాడు?"

"కొంచెం పెంచండి మేడమ్, వస్తాడు."

"చిన్నగా వినేవాళ్ళ మాటేమిటి? సర్లే, రెండూ వద్దు. పెద్ద కంపెనీదొకటి ఉంది, అదే తెప్పిస్తా."

పిచ్చుక నోరు పడిపోయింది. ఆ నోరు పడిపోవడం మేస్త్రి ఎన్నాళ్ళుగానో చూడాలనుకున్నదే. కాని కంపెనీ అన్న మాట చెవిన పడగానే ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. మరదలి మీద ఏడుపు ఒక ఎత్తు, ముక్కూ మొహం తెలియని కంపెనీ మీద ఏడుపు ఇంకో ఎత్తు. తన ఊరు, తన లైబ్రరీ, ఎవడో అట్టపెట్టెలో పంపిన సరుకు!

"ఆగండి మేడమ్! లోపం అమ్మాయి పనిలో లేదు. ఆ వాల్యూమ్ నేనిచ్చింది."

పిచ్చుక తిరిగి చూసింది. "తెలిసే ఇచ్చావా బావా?"

"తెలిసే ఇచ్చాను" అన్నాడు, గోడవైపు చూస్తూ.

ఆయనే తన పెట్టె విప్పి మంచి వాల్యూమ్ ఊడదీశాడు. చిన్న బోర్డు మీద అది కూర్చోదు. ఆరు కాళ్ళకీ ఆరు పొట్టి తీగలు కలిపి అతకాలి. మేడమ్ గడియారం చూస్తోంది. పిచ్చుక కళ్ళార్పకుండా ఆయన చేతినే చూస్తోంది. మైదానంలో గాలివానకి తొణకని మనిషి ఆ చూపుకి తొందరపడి, ఐరన్ ఆనించీ ఆనించకముందే తీసేశాడు.

"నాలుగో కాలు మసకబారింది. రాగి వేడెక్కలేదు" అంది పిచ్చుక.

"నాకే పాఠాలా?"

"నువ్వు చెప్పిన పాఠమేగా. జరుగు."

జరిగాడు. ఆమె ఐరన్ తీసుకుని ఒక్కసారి తాకించింది. బొట్టు మెరిసింది. మేడమ్ మళ్ళీ విన్నది. బాగా తగ్గించినా చదివే ఆయన నుదుటి నడిమధ్యే నిలబడ్డాడు. "అన్నిటికీ ఇదే కావాలి, గుండీతో సహా" అంది.

దారి పొడుగునా పిచ్చుక మాట్లాడలేదు. వంటింట్లోనూ మాట్లాడలేదు. మేస్త్రి భార్య కంగారుపడి, "దీనికి గొంతు పట్టేసిందా ఏంటండీ?" అంది. చివరికి పిచ్చుకే కొట్లోకొచ్చి చెయ్యి చాచింది.

"ఆ రేకు డబ్బా ఇటియ్యి."

"ఒకటీ అరా తీసుకో."

"డబ్బా మొత్తం. అప్పుడే మాట్లాడతా."

మేస్త్రి ఇచ్చాడు. పన్ను పీకించుకున్నవాడిలా ఇచ్చాడు.

గదులన్నిటికీ సరిపడా ఆంప్లిఫయర్లు చేసి, వాటిని బిగించడానికి పిచ్చుక ఊళ్ళ మీద పడింది. వెళ్తూ వెళ్తూ బావ ఐరన్ కూడా పట్టుకుపోయింది. కొట్టు ఇప్పుడు పూర్తిగా మేస్త్రిదే. అయితే వచ్చేవాళ్ళు ఎవరి కోసం వస్తున్నారు? నిన్న ఒక టీచరమ్మ హెడ్‌ఫోను పట్టుకుని వచ్చి, అగ్గిపెట్టెంత ఆంప్లిఫయరు చేసే అమ్మాయి లేదా అంది. మేస్త్రి స్టూలు వేసి కూర్చోబెట్టి, గాలివాన నుంచి మొదలుపెట్టి మిల్లు సైరను దాకా చెప్పుకొచ్చాడు. ఆవిడ ఓపిగ్గా విని, "చాలా సంతోషమండీ. ఇంతకీ ఆవిడ ఎప్పుడొస్తారు?" అంది. లోపల్నుంచి భార్య నవ్వు వినపడింది.

ఇవాళ పొద్దున్న ఇంకొకాయన, మధ్యాహ్నం మరొకాయన. చెప్పీ చెప్పీ నోరు నొప్పిపుట్టి, మేస్త్రి సుద్దముక్క తీసుకుని, కొట్టు తలుపు మీద, తన పేరుకి బాగా కిందగా, వీలైనంత చిన్న అక్షరాలతో రాశాడు:

చిన్న ఆంప్లిఫయర్ల మనిషి వచ్చేది అక్టోబరు పద్దెనిమిదో తేదీ.